పంపకానికి ముందు మాట

మిరప, పత్తి పండే గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఆస్తి పంపకాన్ని ‘భాగాలు పంచుకోవడం’ అంటారు. పొలం, ఇల్లు, గొడ్డూగోదా, బంగారం, బాకీలు, ఆడపిల్ల పెళ్ళి ఖర్చు, ముసలితల్లి తిండి, అన్నీ ఆ ఒక్క మాటలోనే ఉంటాయి. చదువుకుని వచ్చిన కొత్తతరం న్యాయవాదులూ ఛార్టర్డ్ అకౌంటెంట్లూ ఇదే పనిని ఎస్టేట్ ప్లానింగ్ అంటున్నారు. పేరు బయటిదే గాని పని ఇక్కడ తాతల కాలం నుంచీ ఉన్నదే. మారింది చట్టం, మారింది ఆస్తి స్వరూపం. మారనిది ఒకటుంది. కాగితం రాసే ముందు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి మాట్లాడించే మనిషి ఒకరు కావాలి.

ఆ మనిషి పాత్రను పూర్వం ముగ్గురు పంచుకునేవారు. ఏ సర్వే నంబరు ఎవరిదో, ఏ గట్టు ఎప్పుడు జరిగిందో కరణానికి తెలుసు. ఎవరికి ఎంత ఇస్తే ఇల్లు నిలబడుతుందో పెద్దమనుషులు చెప్పేవారు. ఒప్పుకున్న మాటను దస్తావేజు లేఖరి స్టాంపు కాగితం మీదికి ఎక్కించేవాడు. మంచి పెద్దమనుషులు కూర్చున్న పంపకంలో ముసలివాళ్ళ తిండికి ఎకరమో అరెకరమో పక్కన పెట్టేవారు. తల్లి ఏ కొడుకు దగ్గర ఉంటే ఆ పొలం పంట ఆ కొడుకు తినాలనీ, ఆమె తరవాత అందరూ సమంగా పంచుకోవాలనీ చెప్పేవారు. చిన్నవాడి చదువు పూర్తి కాకపోతే ఆ ఖర్చు ఉమ్మడిలోంచి తీసేవారు. ఈ లెక్కలేవీ చట్టంలో ఉన్నవి కావు, ఇంటిని ఎరిగినవాళ్ళు వేసినవి. అయితే పెద్దమనుషులు కూర్చున్న ఆ అరుగు అందరిదీ కాదన్నది కూడా నిజం. అక్కడ ఆడపడుచులకు కుర్చీ ఉండేది కాదు. భూమి లేని కులాల వాళ్ళకు ఆ పెద్దరికం న్యాయం చేసిన సందర్భాలు తక్కువ. తన చేతిలోని పుస్తకాన్ని తనకు అనుకూలంగా తిప్పుకున్న కరణాలూ ఉన్నారు. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో కరణం, మునసబు వంటి వంశపారంపర్య గ్రామాధికార పదవులను రద్దు చేసినప్పుడు పల్లెల్లో చాలామంది సంతోషించడానికి కారణం అదే. దాంతోపాటు ఊరి భూమి గురించిన జ్ఞాపకం కూడా ఊరు దాటి మండల ఆఫీసుకు వెళ్ళిపోయింది. అక్కడ రికార్డు ఉంటుంది గాని, ఆ రికార్డు వెనక ఉన్న మనుషుల కథ ఉండదు.

ముందు మాట స్పష్టంగా లేకపోతే ఎంత పెద్ద ఆస్తయినా ఏమవుతుందో చెప్పడానికి ఈ నేలకు ఒక పాత కథ ఉంది. అమరావతిని రాజధానిగా చేసుకున్న జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1816లో చనిపోయాడు. ఆయన దత్తపుత్రులు ఇద్దరు. ఒకరిని దత్తు తీసుకుని, ఆ దత్తుడు బతికుండగానే మరొకరిని తీసుకున్నాడు. జమీందారు పోగానే ఇద్దరి మధ్య మొదలైన వ్యాజ్యం తరం దాటి, లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా నడిచింది. మొదటి దత్తుడు బతికుండగా రెండో దత్తత చెల్లదని ఆ కౌన్సిల్ 1846లో తేల్చింది. హిందూ ధర్మశాస్త్ర పుస్తకాల్లో దత్తత అధ్యాయంలో ఆ తీర్పు ఇప్పటికీ కనిపిస్తుంది. తీర్పు వచ్చేనాటికి పాత వైభవం లేదు. శిస్తు బకాయిల కింద గుంటూరు జమీందారీలు ఒక్కొక్కటిగా కుంపిణీ సర్కారు చేతికి పోతున్న కాలం అది. న్యాయం తేలింది, పంచుకోవడానికి మిగిలింది మాత్రం తక్కువ.

ఈ రోజు గుంటూరు బ్రాడీపేటలోనో, నరసరావుపేట, ఒంగోలు కోర్టు వీధుల్లోనో బల్ల వేసుకున్న యువ న్యాయవాది దగ్గరికి ఒక రైతు వచ్చి ‘కాగితాలు సరిచేసి పెట్టాలి బాబూ’ అంటే, పని ఆస్తుల జాబితాతో మొదలవుతుంది. నగరంలో ఉద్యోగి జాబితా సులువు. ఫ్లాటు, బ్యాంకు డిపాజిట్లు, బీమా, మ్యూచువల్ ఫండ్లు. చిలకలూరిపేట పక్క పల్లె రైతు జాబితా వేరు. పొలం మూడు సర్వే నంబర్లలో ఉంటుంది, అందులో ఒకటి ఇంకా తాత పేరు మీదే ఉంటుంది. కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, ఉంటాయి, ఆ టిక్కీల మీద తీసుకున్న అప్పు ఉంటుంది. మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఖాతాలో రావలసిందో ఇవ్వవలసిందో ఒక నిల్వ ఉంటుంది. సొసైటీ లోను, బంగారం మీద లోను, సగంలో ఉన్న చీటీ ఉంటాయి. వీటన్నిటికంటే ముఖ్యంగా బీరువాలో బట్టల అడుగున ప్రోనోట్లు ఉంటాయి. బావమరిదికి ఇచ్చినవి, పక్క ఊరివాళ్ళకు ఇచ్చినవి, ఎరువుల కొట్టుకు తాను రాసిచ్చినవి.

ప్రోనోటు ఈ మైదానంలో నమ్మకానికి మరో పేరు. చట్టం లెక్కలో దానికి మూడేళ్ళే ఆయుష్షు. ఆ గడువు లోపల కొంత సొమ్ము కట్టించుకుని, నోటు వెనక చెల్లు రాయించి సంతకం తీసుకుంటే మళ్ళీ మూడేళ్ళు బతుకుతుంది. ఇంటి పెద్ద పోయిన తరవాత భార్యకు దొరికే నోట్లలో గడువు దాటినవే ఎక్కువగా ఉండవచ్చు. ఎవరి దగ్గర ఎంత ఉందో ఆయన ఒక్కడి తలలోనే ఉండడం దీనికి కారణం. అందుకని శ్రద్ధ గల యువకుడు వీలునామా గురించి మాట్లాడకముందే ప్రోనోట్ల పట్టిక రాయిస్తాడు. తేదీ, మొత్తం, వడ్డీ, చివరి చెల్లు, గడువు తీరే రోజు, అన్నీ భార్య చేతిరాతలో ఉండే నోటుబుక్కులోకి ఎక్కుతాయి. ఎస్టేట్ ప్లానింగ్ పాఠ్యపుస్తకాల్లో లేని ఈ చిన్న పని ఎన్నో ఇళ్ళను కాపాడగలదు.

అప్పు వైపు చూస్తే సంగతి ఇంకా బరువైనది. 2021-22లో నల్ల తామర పురుగు గుంటూరు, పల్నాడు, ప్రకాశం మిరప చేలను తుడిచిపెట్టింది. అంతకు ముందు పత్తి రైతును ఇదే నేల మీద పచ్చపురుగు, నకిలీ విత్తనం దెబ్బతీశాయి. ఎకరాకు పెట్టుబడి ఎక్కువ, కౌలు ఎక్కువ, వాన మీద భరోసా తక్కువ. ఇలాంటి చోట ఇంటాయన హఠాత్తుగా పోతే ఆయన బాకీలు భార్యవా, పిల్లలవా అన్న ప్రశ్న పెద్దకర్మ కాకముందే గడపలోకి వస్తుంది. పాత ధర్మశాస్త్రం తండ్రి రుణం తీర్చడం కొడుకు విధి అంది, కోర్టులూ చాలాకాలం దాన్నే అమలు చేశాయి. 2005 సెప్టెంబరు 9 తరవాత చేసిన అప్పులకు ఆ సూత్రం వర్తించదని పార్లమెంటు చెప్పింది. వారసులు తమకు ఆయన నుంచి వచ్చిన ఆస్తి మేరకే జవాబుదారీ. భార్య పుట్టింటి బంగారం, ఆమె పేరున ఉన్న స్థలం ఆమె సొంతం, ఆయన అప్పులకు అవి బాధ్యత వహించవు.

ఈ మాట చెప్పడంలోనే పాత సేవాధర్మం, కొత్త చదువు ఒకచోట కలుస్తాయి. చట్టం ఎగ్గొట్టమని చెప్పడం లేదు, ఎక్కడిదాకా కట్టాలో చెబుతోంది. ‘ఆయన మాట పోకూడదు’ అని గింజుకులాడే తల్లులు ఈ పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. ఆ పట్టుదలను తక్కువ చేసి మాట్లాడే హక్కు ఏ న్యాయవాదికీ లేదు. అతను చేయవలసింది చట్టం అడిగే అప్పును, పరువు అడిగే అప్పును విడివిడిగా కాగితం మీద వేసి చూపించడం, నిర్ణయం ఆమెకే వదలడం. అంతకంటే ముందు, దుఃఖంలో ఉన్న ఆ పదిరోజుల్లో ఎవరో వచ్చి పాత బాకీకి ఆమె పేరున కొత్త ప్రోనోటు రాయించుకోకుండా చూడడం. ఆ ఒక్క సంతకంతో భర్త అప్పు ఆమె సొంత అప్పయిపోతుంది. ఆ సమయంలో పక్కన కూర్చుని ‘అమ్మా, ఇప్పుడేమీ సంతకం పెట్టవద్దు’ అని చెప్పినవాడే ఆ ఇంటికి పెద్దమనిషి, వయసు ఇరవై ఎనిమిదే అయినా.

పంపకాల్లో అన్నిటికంటే సున్నితమైన చోటు ఆడపిల్ల వాటా. కేంద్రం కంటే ఇరవై ఏళ్ళ ముందే ఆంధ్రప్రదేశ్ కూతురిని ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానం చేసింది. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళి కాని కూతుళ్ళకు ఆ హక్కు దక్కింది. 2005లో దేశమంతటా పెళ్ళయిన కూతుళ్ళకూ వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న అవసరం లేదని, ఆ హక్కు పుట్టుకతోనే వచ్చినదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో చెప్పింది. 2004 డిసెంబరు 20 కంటే ముందు రిజిస్టరు దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో జరిగిన పంపకాలను మాత్రం చట్టం కదిలించదు. నోటి మాటతో అరుగు మీద జరిగిన పంపకాలు ఆ రక్షణలోకి తేలిగ్గా రావు. పట్టాలు విడివిడిగా మారినట్టు ప్రభుత్వ రికార్డు బలంగా చూపితే తప్ప కోర్టులు వాటిని ఒప్పుకోవు. ఈ మైదానంలో పంపకాల్లో చాలాభాగం అరుగు మీదే జరిగాయి గనుక ఆ ఒక్క తీర్పు ఎన్నో పాత పంపకాలను మళ్ళీ తెరిచింది.

‘పెళ్ళికి పసుపు కుంకుమ కింద రెండెకరాలు ఇచ్చాం కదా, ఇంకేం వాటా’ అన్నది అన్నల మాట. అందులో అన్యాయం ఎప్పుడూ ఉంటుందని అనుకోవడం తప్పు. కొన్ని ఇళ్ళలో కూతురికి ఇచ్చినది కొడుకుల వాటాకు సమానంగానే ఉంటుంది. మరికొన్ని ఇళ్ళలో ఆ రెండెకరాలు అల్లుడి పేరున అమ్ముడుపోయి ఉంటాయి. ఏది ఏ ఇల్లో తెలియాలంటే లెక్క వేయాలి, ఆ లెక్క ఆమె ఎదుటే వేయాలి. హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టించడానికి చెల్లెలిని పండక్కి పిలిచి, భోజనాలయ్యాక సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్ళే అలవాటు ఒకటుంది. ఆమె చదవదు, ఎవరూ చదివి వినిపించరు. మంచి యువ న్యాయవాది ఆ దస్తావేజును తెలుగులో, ఆమెకు అర్థమయ్యే వేగంతో, అన్నలు పక్కన లేనప్పుడు చదువుతాడు. వదులుకుంటున్న వాటా నేటి ధర ఎంతో చెబుతాడు. ఫీజు ఇచ్చేది అన్న గనుక, తాను అన్న తరఫు మనిషినని ఆమెకు ముందే చెప్పి, వేరే న్యాయవాదిని అడిగే వ్యవధి ఇస్తాడు. అంతా విన్నాక ‘పుట్టిల్లు ఉంటే చాలు’ అని ఆమె సంతకం పెడితే అది నిజంగా ఆమె ఇచ్చినది. వినకుండా పెట్టినదాన్ని ఇచ్చినదనడం భావ్యం కాదు. ఉచితంగా సలహా కావలసిన స్త్రీకి ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ న్యాయవాదిని ఇస్తుందన్న సంగతీ ఆమెకు తెలియాలి.

ఆడపిల్ల ఆస్తిలో మరో చిక్కు ఉంది, చదువుకున్న ఇళ్ళకు కూడా తెలియనిది. పిల్లలు లేని హిందూ స్త్రీ వీలునామా రాయకుండా చనిపోతే, తల్లిదండ్రుల నుంచి ఆమెకు వారసత్వంగా వచ్చిన ఆస్తి పుట్టింటికి తిరిగి పోతుంది. తండ్రి బతికుండగా పసుపు కుంకుమ కింద దఖలు రాసిచ్చిన పొలానికి ఆ నియమం వర్తించదు, ఎందుకంటే అది వారసత్వం కాదు, దానం. అది భర్తకు, ఆయన లేకపోతే ఆయన వారసులకు పోతుంది. హైదరాబాదులో ఉద్యోగం చేసి ఆమె సొంతంగా కొనుక్కున్న ఫ్లాటు సంగతీ అంతే. భర్త లేకపోతే భర్త తరఫు వారసులందరూ అయ్యాకే ఆమె కన్నతల్లి వంతు వస్తుంది. ఇరవై ఏడేళ్ళ సాఫ్ట్‌వేర్ ఉద్యోగినికి వీలునామా ఎందుకని నవ్వేవాళ్ళకు ఇదే జవాబు.

విదేశాల్లో పిల్లలున్న ఇళ్ళది వేరే దారి. తెనాలి నుంచి అద్దంకి దాకా డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కొడుకో కూతురో ఉన్న ఇళ్ళు ఊరికి కొన్నైనా కనిపిస్తాయి. తండ్రికి బతికుండగానే పొలం కొడుకు పేరున దఖలు రాసేయాలని ఉంటుంది. విదేశీ మారకద్రవ్య నిబంధనలు దీనికి అడ్డం. ప్రవాస భారతీయుడు గాని, ఓసీఐ కార్డు ఉన్నవాడు గాని వ్యవసాయ భూమిని కొనలేడు, దానంగా తీసుకోలేడు. వారసత్వంగా మాత్రం పొందగలడు. అంటే అదే పొలం అదే కొడుక్కి దఖలు దస్తావేజుతో చేరదు, వీలునామాతో చేరుతుంది. ఈ ఒక్క తేడా తెలియక రాయించిన దస్తావేజు తరవాత అమ్మకం రోజున అడ్డం తిరుగుతుంది. పైగా ఆ పొలాన్ని అమ్మవలసి వస్తే దేశంలో నివసించే భారతీయుడికే అమ్మాలి. వచ్చిన సొమ్ములో ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా, పన్ను కట్టిన కాగితాలతో, బయటికి తీసుకుపోవచ్చు. ఛార్టర్డ్ అకౌంటెంటు అవసరం అక్కడ వస్తుంది.

అమెరికా నుంచి పంపే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. రాసిచ్చినవారు చనిపోయిన రోజే దాని పని అయిపోతుంది. ‘పవర్ ఉంది కదా’ అని నాన్న పోయాక నాన్న పవర్‌తో సంతకాలు చేసిన కొడుకుల వల్ల ఎన్ని కొనుగోళ్ళు చిక్కుల్లో పడతాయో రిజిస్ట్రేషన్ పనిలో ఉన్నవాళ్ళకు తెలుసు. వీటన్నిటి మీద అందరూ ఒక్కసారి మాట్లాడుకోవాలంటే డాలస్‌లో శనివారం రాత్రి, ఇక్కడ ఆదివారం పొద్దున సరైన వేళ. పూర్వం అరుగు మీద జరిగిన సమావేశం ఇప్పుడు వరండాలో గోడకు ఆనించిన ఫోను ముందు జరుగుతుంది. మాట్లాడవలసిన విషయాలు మాత్రం అవే. అమ్మ ఎవరి దగ్గర ఉంటుంది? పొలం కౌలుకిద్దామా, అమ్ముదామా? ఊళ్ళో ఇల్లు ఎవరిది?

వీలునామా రాయడం వీటన్నిటితో పోలిస్తే తేలిక పని. మతిస్థిమితం ఉన్న మనిషి రాయాలి, ఇద్దరు సాక్షులు ఆయన సంతకం చూసి తామూ సంతకం పెట్టాలి. స్టాంపు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఆంధ్ర పల్లెల్లోని ఆస్తికి ప్రొబేట్ కూడా తప్పనిసరి కాదు. అయినా రిజిస్టరు చేయించడమే మేలు, ఎందుకంటే మండల ఆఫీసులోనూ బ్యాంకులోనూ ప్రశ్నలు తగ్గుతాయి. ఎవరికీ చూపించడం ఇష్టం లేనివారు సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచుకోవచ్చు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఇచ్చిన ఈ వీలును వాడుకునేవాళ్ళు తక్కువ. సాక్షులు రాసినవారికంటే చిన్నవాళ్ళయి ఉండడం, వాటా పొందేవాళ్ళు సాక్షులు కాకపోవడం, వయసు మళ్ళినవారైతే అదే రోజు డాక్టరు సర్టిఫికెట్ తీసుకోవడం అనుభవం నేర్పిన జాగ్రత్తలు. నామినీ పేరు రాశాం కదా అని ఊరుకునేవాళ్ళకు మరో సంగతి చెప్పాలి. షేర్లు, మ్యూచువల్ ఫండ్లలో నామినీ సొమ్ము అందుకునే మనిషే గాని సొంతదారు కాడని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు మరోసారి చెప్పింది.

దఖలుకూ వీలునామాకూ ఉన్న తేడాను ముసలివాళ్ళకు విడమరిచి చెప్పడం ఈ వృత్తిలో నైతికంగా అత్యంత బరువైన పని. వీలునామాను ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. దఖలు రాస్తే ఆ రోజే పొలం చేజారుతుంది. పిల్లలకు దఖలు కావాలి, ఎందుకంటే అది తిరుగులేనిది. తల్లిదండ్రులకు చాలావరకు వీలునామాయే క్షేమం, కారణం అదే. తప్పక దఖలు రాయవలసి వస్తే, బతికినన్నాళ్ళూ పంట మీద హక్కు తమదేనన్న షరతు, తమను పోషించాలన్న షరతు దస్తావేజులో స్పష్టంగా ఉండాలి. 2007 నాటి వృద్ధుల సంరక్షణ చట్టంలోని 23వ సెక్షను కింద పోషణ తప్పితే ఆర్డీఓ ట్రిబ్యునల్ ఆ దఖలును రద్దు చేయగలదు. షరతు ఉన్నట్టు రుజువు లేకపోతే ఈ సెక్షను పనిచేయదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. ఈ చట్టాన్ని వృద్ధుల మేలు కోరి ఉదారంగా చూడాలని 2025 జనవరిలో చెప్పింది. దస్తావేజులో రెండు వాక్యాలు రాసి ఉంటే ఆ ముసలాయన ట్రిబ్యునల్ మెట్లు ఎక్కకుండానే బతకవచ్చు. ఆ రెండు వాక్యాలు రాయమని కొడుకు అడగడు. లేఖరే గుర్తు పెట్టుకుని రాయాలి.

గుంటూరు వకీళ్ళకు సేవ కొత్త మాట కాదు. దేశభక్త కొండా వెంకటప్పయ్య వకీలు వృత్తి వదిలి స్వాతంత్ర్యోద్యమంలోకి వెళ్ళారు. డబ్లిన్‌లో బారిస్టరు చదివిన ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో గుంటూరులో శారదానికేతనం పెట్టి ఆడపిల్లల చదువుకు నిలబడ్డారు. నేటి యువకులు వృత్తి వదలనక్కర్లేదు, వృత్తిలోనే ఆ దారి ఉంది. విన్నది కడుపులో పెట్టుకోవడం మంచి కరణం లక్షణం, న్యాయవాదికి అదే గోప్యతను చట్టం విధించింది. గెలిచిన పొలంలో వాటా ఫీజుగా తీసుకోరాదని బార్ కౌన్సిల్ నియమం చెబుతోంది. ప్రభుత్వం ఇచ్చిన భూమికి డీకేటీ పట్టా ఒక్కటే ఉన్న కూలీ ఇంటికి, వారసత్వంగా ఆ పట్టా పిల్లలకు వస్తుందనీ, తొందరపడి ఎవరికో అగ్రిమెంటు రాయవద్దనీ చెప్పడానికి అరగంట చాలు. ఆ అరగంటకు ఫీజు ఉండదు. అలా కూర్చునే చోటికే ఊరివాళ్ళు మళ్ళీ వస్తారు.

ఇంటి పెద్ద పోయిన తరవాత పని ఇంకా మిగిలే ఉంటుంది. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, వీలునామా నకలుతో మ్యుటేషన్ దరఖాస్తు పెట్టాలి. రెవెన్యూ రికార్డులైన 1-బిలో, అడంగల్‌లో పేర్లు మారాయో లేదో చూడాలి. పంచుకుంటే సబ్‌డివిజన్ సర్వే చేయించాలి, బ్యాంకులో పంటరుణం ఖాతా మార్చాలి, కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు ఎవరి పేరున విడిపించాలో కాగితం ఇవ్వాలి. కొత్త పట్టాదారు పాస్ పుస్తకాలు వచ్చాక వాటి నకళ్ళు అన్నదమ్ములకే కాక అత్తవారింట్లో ఉన్న చెల్లెలికీ వెళ్ళాలి. బతికి ఉన్నవారి ఫైళ్ళు మాత్రం ఏటా ఒకసారి, మిర్చి అమ్మకాలు తేలి చేతిలో లెక్క కనిపించే ఎండాకాలంలో, మళ్ళీ బల్ల మీదికి వస్తాయి. ఆ ఏడు కొత్తగా రాసిన ప్రోనోట్లు, తీరిన బాకీలు, పుట్టిన మనవడు, మారిన నామినీలు పట్టికలోకి ఎక్కుతాయి. అవసరమైతే పాత వీలునామాను రద్దు చేస్తూ కొత్తది రాసి, ఇద్దరు సాక్షులను మళ్ళీ పిలుస్తారు.